తల మీద చెయ్యి

మంగళవారం పొద్దున లీలారాణి మిసెస్ టూమీ కాళ్లకు మేజోళ్లు తొడుగుతుండగా నోరీన్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. కోర్క్ శివార్లలోని ఆ వృద్ధాశ్రమంలో వాళ్లిద్దరూ ఎనిమిదేళ్లుగా కేరర్లు. నోరీన్ చేతిలో పల్చటి పుస్తకం ఒకటి ఉంది.

"లీలా, ఈ శామ్ మీ శామేనా?"

లీలారాణి వెంటనే తలెత్తలేదు. అవి రక్తం గడ్డకట్టకుండా వేసే బిగుతు మేజోళ్లు. మడమ దాకా తిరగేసి, వేళ్లు దూర్చి, ముసలి చర్మం నలగకుండా కొంచెం కొంచెంగా పైకి లాగాలి. రెండో కాలు కూడా అయ్యాక, ముడత లేకుండా అరచేత్తో ఒకసారి నిమిరి, అప్పుడు లేచి చూసింది. ఊళ్లో లైబ్రరీ వాళ్లు కొత్తగా రాసేవాళ్ల రచనలతో వేసిన పుస్తకం అది. లోపల చిన్న ఫొటోలో ఆమె కొడుకు శామ్ నవ్వుతున్నాడు. గురువారం సాయంత్రం ఆరింటికి లైబ్రరీలో చదివి వినిపిస్తారని కింద రాసి ఉంది.

"మావాడే," అంది. ఆ సంగతి తనకు అప్పుడే తెలిసిందని నోరీన్‌కు తెలియనివ్వలేదు.

"నువ్వు కూడా ఉన్నావు ఇందులో. పొద్దున బస్సులో నవ్వలేక చచ్చాను," అని పుస్తకం ఆమె ఏప్రన్ జేబులో పెట్టి వెళ్లిపోయింది నోరీన్.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో టీ ముందు పెట్టుకుని లీలారాణి చదవటం మొదలుపెట్టింది. ఇంగ్లీషు ఆమెకు కొత్త కాదు. రోజూ కేర్ ప్లాన్లు రాస్తుంది, డాక్టర్లతో మాట్లాడుతుంది. కానీ కథలాంటిది చదివే అలవాటు లేదు. వరుస కింద వేలు పెట్టుకుని చదివింది.

శామ్ ఇలా రాశాడు. స్కూల్లో చేర్చినప్పుడు ఫారంలో మతం అన్న చోట నాలుగు గళ్లున్నాయి. మా నాన్న నాలుగో గడిలో టిక్కు పెట్టాడు. ఇతరములు, వివరించండి. వివరించటానికి అంగుళం జాగా ఇచ్చారు. మా నాన్న వెనక పేజీ కూడా వాడుకున్నాడు. మేం గుంటూరు దగ్గరి తెలుగు యూదులం. తెలుగు క్రైస్తవులు కలిస్తే మీ పాస్టరెవరని అడుగుతారు. పక్కింటి గిరిజాకుమారి ఆంటీ, మేం శనివారం పొయ్యి వెలిగించమని, మాంసం తిన్నపూట పెరుగు ముట్టమని చూసి, మమ్మల్ని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నవాళ్లు అనుకుంది. నాలుగేళ్లు వరుసగా తిరుపతి లడ్డు పంపింది. మా అమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు.

లీలారాణికి నవ్వు వచ్చింది. లడ్డు వద్దని ఎవరంటారు.

పేజీ తిప్పింది. నేను గే అని చెప్పటానికి ఒక్క నిమిషం పట్టింది. మేం యూదులమని చెప్పటానికి ఇంకా పడుతూనే ఉంది. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక మంగళవారం మా అమ్మకు చెప్పాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తలేదు. ఒకటి అయింది, ఇంకొకటి తీసుకుంది. మొత్తం రెండు కేజీలు తరిగింది. తర్వాత అన్నం తిన్నావా అని అడిగింది. ఆ వారమంతా మా ఇంట్లో ఉల్లిపాయ కూర, ఉల్లిపాయ పులుసు, ఉల్లిపాయ పచ్చడి. నా సంగతి ఇంట్లో అందరూ తిన్నారు, ఎవరూ మాట్లాడలేదు.

టీ మీద మీగడ కట్టింది. పక్క బల్ల దగ్గర ఎవరో మైక్రోవేవ్ తలుపు వేశారు. లీలారాణికి మెడ వెనక వేడిగా అనిపించింది. ఊళ్లోవాళ్లు బస్సుల్లో కూర్చుని తన ఉల్లిపాయల గురించి నవ్వుకుంటున్నారు. నవ్వితే నవ్వారు. జరిగిందే గదా రాశాడు అనుకుని, కింది పేరా చదివింది.

శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించాక మా నాన్న పిల్లల తల మీద చెయ్యి పెట్టి దీవించేవాడు. అది మా పద్ధతి. నేను చెప్పిన ఆ వారం నుంచి ఆయన మానేశాడు. ఎందుకు మానేశావని నేను అడగలేదు. అప్పటికి నేను ఆరడుగులు పెరిగాను. చెయ్యి అందక అయ్యుంటుంది.

లీలారాణి ఆ పేరా మూడుసార్లు చదివింది. మూడోసారి వేలు 'ఆ వారం నుంచి' అన్న చోట ఆగిపోయింది.

"అదే అన్నిటికన్నా బాగుంది, కదా?" అంది లోపలికి వచ్చిన నోరీన్, ఆమె భుజం మీద నుంచి చూస్తూ. "చెయ్యి అందక అట."

లీలారాణి పుస్తకం మూసి, కప్పు కడిగి, మూడో నంబరు గదిలో బెల్లు మోగుతుంటే వెళ్లిపోయింది.

బుధవారం ఆమెకు సెలవు. కూతురు ఫెబి పదింటికి లేచి వంటగదిలోకి వచ్చి, ప్రెస్ తలుపు తీసి కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అందుకుంది. అల్మరాను ప్రెస్ అనటం లీలారాణికి కూడా అలవాటైపోయింది. ఫెబికి ఇరవై రెండు, కాలేజీలో ఆఖరి సంవత్సరం. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"రేపు అన్న వస్తన్నాడంట గదా లైబ్రరీకి," అంది లీలారాణి, పిండి కలుపుతూ.

ఫెబి చెంచా ఆగింది. "హూ టోల్డ్ యూ?"

"నాకు చెప్పబాకని అన్నాడా?"

"సార్ట్ ఆఫ్. ఇట్స్ అబౌట్ అస్, మమ్. హీ వాజ్ స్కేర్డ్."

లీలారాణి పిండి మీద నూనె చేత్తో రెండుసార్లు గుద్దింది. శుక్రవారం రొట్టెకు రెండురోజుల ముందే పిండి కలిపి ఫ్రిజ్‌లో పెడుతుంది. మెల్లగా పొంగితే రుచి. "నాన్న నిన్ను దీవించి ఎన్నాళ్లయింది?"

"వాట్?"

"శుక్రవారం. తల మీద చెయ్యి పెట్టి."

ఫెబి ఆలోచించింది. "నాట్ సిన్స్ ఐ వాజ్ ఫిఫ్టీన్, లైక్. ఐ థాట్ ఇట్ వాజ్ జస్ట్ ఫర్ కిడ్స్." అమ్మ ముఖం చూసి, "ఇట్స్ గ్రాండ్, మమ్. ఐ డోంట్ మైండ్," అంది.

ఫెబికి పదిహేనేళ్లప్పుడు శామ్‌కు పంతొమ్మిది. ఆ మొదటి శుక్రవారం ఫెబి స్కూలు వాళ్లతో గాల్వే వెళ్లింది. బల్ల దగ్గర శామ్ ఒక్కడే ఉన్నాడు. ఆ మరుసటి వారం వాడు డబ్లిన్‌లో చదువుకు వెళ్లిపోయాడు. ఇప్పుడు అక్కడే లెపర్డ్స్‌టౌన్‌లో ఉద్యోగం. వచ్చినా ఆదివారం వచ్చి ఆదివారమే వెళ్తాడు. చెల్లెలి తల మీద కూడా చెయ్యి పడలేదని వాడికి ఎవరు చెప్పాలి. లీలారాణి చేతులకు అంటిన పిండి ఒక్కొక్క వేలి నుంచీ తీస్తూ నిలబడింది.

భర్త కృపారావు నాలుగున్నరకు ఇంటికి వచ్చాడు. రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. రోజంతా జుట్టు మీద వలటోపీ ఉండటంతో నుదుటి మీద ఎర్రటి గీత పడి, పడుకునే దాకా పోదు. బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుని చిన్నగా ప్రార్థన చేసుకున్నాడు. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఏడేళ్లుగా అంతే.

"శామ్ పుస్తకంలో రాశాడు," అంది లీలారాణి.

"ఏం రాశాడు?"

"మన గురించే. వింటావా?"

ఆమె పుస్తకం తెరిచి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చూసుకుంటూ తెలుగులో చెప్పింది. ఫారంలో నాలుగో గడి దగ్గర కృపారావు ముద్ద నోటి దగ్గర ఆపి, "వెనక పేజీ కాదు. వేరే కాయితం అడిగి తీసుకున్నా," అన్నాడు. తిరుపతి లడ్డు దగ్గర భుజాలు కదిలేలా నవ్వాడు. ఉల్లిపాయల దగ్గర నవ్వలేదు, భార్య వైపు ఒకసారి చూసి పప్పు కలుపుకున్నాడు.

"ఇంకోటుంది," అని ఆమె శుక్రవారం పేరా చదివింది. తెలుగులోకి వచ్చేసరికి అందులో హాస్యం ఏమీ మిగల్లేదు. 'నేను చెప్పిన ఆ వారం నుంచి ఆయన మానేశాడు' అన్న మాట మాత్రం ఇంకా స్పష్టంగా వినిపించింది.

కృపారావు చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"వాడట్టా అనుకున్నాడా?"

"అట్టానే అనుకున్నాడు."

"వాడి సంగతికీ దీనికీ ఏం సంబంధం?"

"అది నీకూ నాకూ తెలుసు. వాడికెట్టా తెలుస్తది? పిల్లలకు చెప్పబాకన్నావు. చెప్పలేదు."

ఏడేళ్ల కిందట ఆ మంగళవారం సాయంత్రం ఆమె కొడుకు చెప్పింది భర్తకు చెప్పినప్పుడు, అతను అడిగింది ఒక్కటే. వాణ్ణి ఎవరన్నా ఏమన్నా అన్నారా అని. మర్నాడు ప్రాయశ్చిత్త ఉపవాస దినం. ఆ రాత్రే బస్సెక్కి డబ్లిన్ వెళ్లాడు, అక్కడ కొన్ని యూదు కుటుంబాలు అద్దె హాల్లో ప్రార్థన పెట్టుకున్నాయని విని. కొడుకు పేరు చెప్పి వేడుకుందామని వెళ్లాడు. సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్లుండాలి. ఆ పొద్దున అతనితో కలిపి పదిమంది ఉన్నారు. అయినా ఎవరూ మొదలుపెట్టలేదు. ముప్పావుగంట తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. చివరికి విదేశం నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు అతని పక్కకు వచ్చి, మీరు ఉండొచ్చు, కానీ మిమ్మల్ని లెక్కలోకి తీసుకోవటానికి కుదరదు, మీ కుటుంబాలకు యూదు మతపెద్దల ఆమోదం లేదు కదా, అర్థం చేసుకుంటారనుకుంటాను అన్నాడు. కృపారావు అర్థం చేసుకున్నాడు. సాయంత్రం దాకా వెనక కుర్చీలో కూర్చుని, ఉపవాసం విడిచాక వాళ్లిచ్చిన టీ తాగి, బస్సెక్కి వచ్చేశాడు.

కృపారావు లేచి కంచం కడిగాడు. కడిగిన కంచాన్ని మళ్లీ కడిగాడు.

"రేపు ఎల్దామా?" అంది లీలారాణి.

"మనల్ని పిలవలేదు గదా వాడు."

"లైబ్రరీ. ఎవరన్నా పోవచ్చు."

కుళాయి కట్టి అతను టవల్ కోసం చూశాడు. ఆమె అందించింది.

గురువారం ఐదింటికి ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి కృపారావు తెల్లచొక్కా వేసుకుని హాల్లో నిలబడి ఉన్నాడు. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. పని నుంచి రెండు గంటలు ముందే వచ్చినట్టున్నాడు, నుదుటి మీద గీత అప్పటికే పల్చబడింది.

"పోదాం పద," అన్నాడు.

జూన్ మొదటివారం. ఆరింటికి కూడా మిట్టమధ్యాహ్నంలా వెలుగుంది, సన్నటి జల్లు మాత్రం పడుతోంది. లైబ్రరీ పై అంతస్తులో పిల్లల పుస్తకాల అలమరలు పక్కకు జరిపి నలభై కుర్చీలు వేశారు. ముందు వరుసలో ఫెబి ఉంది. ఆమె పక్కన బూడిదరంగు ఉన్ని టోపీ పెట్టుకున్న ఐరిష్ అబ్బాయి ఉన్నాడు, సన్నగా, పొడుగ్గా. శామ్‌తో కలిసి ఉంటున్న డెర్మట్ అయ్యుంటాడు. ఆ పేరు ఫెబి ఫోన్లో మాట్లాడుతుండగా లీలారాణి విన్నది, మనిషిని చూడటం ఇదే మొదటిసారి. లీలారాణి, కృపారావు చివరి వరుసలో, స్తంభం పక్కన కూర్చున్నారు.

శామ్ మైకు ముందుకు వచ్చి కాగితాలు సర్దుకుని తలెత్తాడు. నవ్వబోతున్నవాడి చూపు స్తంభం దగ్గరకు వచ్చి ఆగింది. మంచినీళ్లు రెండు గుక్కలు తాగాడు. చదవటం మొదలుపెట్టాక మాత్రం గొంతు నిలకడగానే ఉంది. నాలుగో గడికి నవ్వారు. లడ్డుకు ఇంకా గట్టిగా నవ్వారు, అందులో సగం మందికి తిరుపతి ఎక్కడో తెలియకపోయినా. ఉల్లిపాయల దగ్గరికి వచ్చేసరికి వాడి గొంతు కొంచెం తగ్గింది. జనం నవ్వారు. లీలారాణి ముందున్న ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. లీలారాణి ఒడిలో పుస్తకం తెరుచుకుని, వేలితో వెంబడిస్తూ వింటోంది.

ఎవరూ మాట్లాడలేదు అన్న వాక్యం అయింది. శామ్ ఊపిరి తీసుకున్నాడు. కాగితం తిప్పాడు. ఆమె వేలు శుక్రవారం పేరా మొదట్లో సిద్ధంగా ఉంది. వాడు అది చదవలేదు. దాని తర్వాతి పేరా మొదలుపెట్టాడు, కాలేజీ హాస్టల్లో వంట గురించి.

గదిలో ఎవరికీ తేడా తెలియలేదు. లీలారాణి పక్కకు చూసింది. కృపారావు కూడా ఆమె వేలి వైపే చూస్తున్నాడు.

చప్పట్లు అయ్యాక ఇద్దరూ ముందుగా కిందికి దిగి, వెనకవైపు కారు దగ్గర నిలబడ్డారు. పది నిమిషాలకు ముగ్గురూ బయటికి వచ్చారు. ఫెబి చెయ్యి ఊపింది. శామ్ దగ్గరికి వచ్చి, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. డెర్మట్ కొంచెం దూరంలో, గోడ పక్కన ఆగిపోయాడు.

"అమ్మా, ఆ ఉల్లిపాయల సంగతి," అన్నాడు శామ్. వాడి తెలుగు మాటల చివర ఎప్పుడూ కోర్క్ యాస ఎగసిపడుతుంది. "సారీ. నీకు ముందే చెప్పాల్సింది."

"మూడు కేజీలు," అంది లీలారాణి. "రెండని తప్పు రాశావు."

వాడు నవ్వబోయి తండ్రి వైపు చూశాడు.

"ఒక పేరా వదిలేశావు," అన్నాడు కృపారావు.

శామ్ జేబుల్లో చేతులు ఇంకా లోపలికి తోశాడు.

"చదవాల్సింది. రాసినాక చదవాల."

"నువ్వున్నావని..."

"ఉన్నానని గాదు. వదిలేస్తే, అది తప్పని వదిలేయాల్సింది. నీకు తెలీదుగా తప్పని." కృపారావు కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. డబ్లిన్‌లో ఉపవాసం రోజు సంగతి చెప్పాడు. హాలు, పది కుర్చీలు, ముప్పావుగంట. తొందరగా చెప్పేశాడు, ఎవరి సంగతో చెప్తున్నట్టు. "వాళ్లు మర్యాదగానే చెప్పారు. టీ కూడా ఇచ్చారు. ఊళ్లో మా తాతలు కూడా బయటే నిలబడ్డారు గదా, నాకు కొత్తగాదు. కాకపోతే అంతదూరం పోయి, మళ్లీ బయటే నిలబడ్డానే అనిపించింది. మనం లెక్కలోనే లేకపోతే మన దీవెనకు ఏం బలముంటది? శుక్రవారం నువ్వు వచ్చి ఎదురుగా నిలబడ్డావు. ఉత్తచెయ్యి నీ తల మీద ఎట్టా పెట్టేది?"

"అది నా వల్ల కాదా?" అన్నాడు శామ్.

"నీ వల్ల ఏంది? నీకోసమే పోయినా ఆడికి."

శామ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. జల్లు వాడి అద్దాల మీద చుక్కలుగా నిలిచింది. వాడు అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు.

"సెవెన్ ఇయర్స్, నాన్నా," అన్నాడు. "సెవెన్ ఇయర్స్ నేను..." ఒకసారి నవ్వినట్టయింది, అది నవ్వుగా మిగల్లేదు. "నువ్వు నన్నేమీ అనకుండానే, నేనే అనేసుకున్నా."

"నేనూ చెప్పలేదు."

"చెప్పాల్సింది."

"చెప్పాల్సింది," అని ఒప్పుకున్నాడు కృపారావు.

ఒక కారు ఖాళీ చోటు వెతుక్కుంటూ వచ్చి, వీళ్లు బయల్దేరతారేమోనని వెనక ఆగింది.

"ఉత్తచెయ్యే పెట్టు," అన్నాడు శామ్. అని, ఆరడుగుల మనిషి మోకాళ్లు కొంచెం వంచి తల దించాడు.

కృపారావు తాళాలు భార్య చేతికిచ్చి, జేబురుమాలు తీసి నెత్తిన కప్పుకున్నాడు. కుడిచెయ్యి చొక్కాకు తుడుచుకుని కొడుకు తడిజుట్టు మీద పెట్టాడు. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఏడేళ్లు నోట ఆడని మాట. శామ్ తల ఎత్తకుండానే ఆ తర్వాతి మాట అందించాడు. కృపారావు అది పట్టుకుని ముందుకు సాగాడు.

"మీ టూ, లైక్," అని ఫెబి శామ్ పక్కన తల దూర్చింది. ఎడమచెయ్యి ఆమె తల మీదికి వచ్చింది. ఈసారి ఎక్కడా ఆగకుండా గొంతెత్తి చెప్పాడు. వెనక కారులోని మనిషి ఇంజను ఆపి, కూర్చుని చూస్తున్నాడు.

గోడ పక్కన డెర్మట్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. ఏదో ప్రార్థన అని మాత్రం తెలిసింది. తమ ఊరి చర్చిలో అలవాటయిన పద్ధతిలో ఉన్ని టోపీ తీసి రెండు చేతుల్తో ఛాతీ దగ్గర పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. వాన అతని ఎర్రజుట్టు మీద పడుతోంది.

లీలారాణి అతని దగ్గరికి నడిచింది.

"పెట్టుకో బాబూ," అంది తెలుగులో. అతనికి అర్థం కాలేదని చూసి, ఇంగ్లీషులో చెప్పింది. "మా వాళ్లు దీనికి తల కప్పుకుంటారు. రా, ఇక్కడ ఒక్కడివే ఎందుకు?"

అతను టోపీ పెట్టుకున్నాడు. ఒక చెవి బయటే ఉండిపోయింది. ఆమె మునివేళ్ల మీద లేచి అది లోపలికి లాగి, అతని మోచెయ్యి పట్టుకుని వాళ్ల వైపు నడిపించింది.